బండి కింద చప్పుడు

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత ఈ.ఎం.ఇ. సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ పెద్దలు పెద్ద విషయాలే మాట్లాడతారు. యుద్ధాల గురించి, పెన్షన్ సవరణల గురించి, పిల్లల చదువుల గురించి. ఈసారి కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "సుబేదార్ గారూ, మీరు ఇరవై ఎనిమిదేళ్ళు బండ్ల కింద పడుకున్నారు కదా, ఆ సంగతే ఏదైనా చెప్పండి" అన్నారు. సరదాకి అన్నారనుకున్నాను. తరువాత తెలిసింది, అంతకు ముందు వారమే ఆయన కారు కిందనుంచి ఏదో గరగరమని చప్పుడు మొదలైందట. "ఎప్పుడు వస్తోందండీ చప్పుడు?" అని అడిగాను. "నేను నడుపుతున్నప్పుడు" అన్నారు. కనుక ఈ ఉపన్యాసానికి మూలకారణం ఆ కారు, ఆ జవాబు.

నవ్వుకోవడానికి చెప్పలేదు. కారు కింద చప్పుడు వచ్చిందని మెకానిక్ దగ్గరికి వెళ్ళే వందమందిలో తొంభైమంది చెప్పేది అదే జవాబు. ఎక్కడనుంచి వస్తోందో చెప్పడానికి తెగ ప్రయత్నిస్తారు. "ముందు కుడివైపు అనిపిస్తోంది, కాదు కాదు, వెనక" అంటారు. నిజానికి ఎక్కడనుంచి అనేది చెవికి సరిగ్గా తెలియదు. బండి అడుగంతా ఇనుప రేకే. వెనక చక్రం దగ్గర పుట్టిన మోత ఆ రేకు పట్టుకుని మన సీటు కిందకి వచ్చి మోగుతుంది. ఎక్కడ అన్నది మెకానిక్ కింద పడుకుని చూసి తేల్చుకోగలడు. ఎప్పుడు అన్నది మాత్రం నడిపే మనిషి ఒక్కడికే తెలుసు. అదే చెప్పకపోతే మెకానిక్ చీకట్లో వెతుకుతాడు, ఆ వెతుకులాటకి డబ్బు మనం కడతాం.

1976లో నేను రిక్రూటుగా సికింద్రాబాద్ తిరుమలగిరిలో దిగేనాటికి నాకు తెలిసిన మోటారు బండి మా ఊరి బస్సు ఒక్కటే, అదీ టాపు మీద కూర్చున్న పరిచయం. అక్కడ మాకు ఒక ఉస్తాద్ ఉండేవారు. చేతిలో ఎప్పుడూ మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్. దాని కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు. మేమంతా మహిమ ఆ స్క్రూడ్రైవర్లో ఉందనుకునేవాళ్ళం. ఆరు నెలలు పోయాక తెలిసింది. ఆయన బండి దగ్గరికి పోయేముందు డ్రైవర్‌ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పది నిమిషాలు ప్రశ్నలు వేసేవారు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? గేరులోనా, న్యూట్రల్లోనా? ఎక్కుడులోనా, దిగుడులోనా? బ్రేకు తొక్కితే ఆగుతుందా, పెరుగుతుందా? స్క్రూడ్రైవర్ చెవికి పెట్టేసరికి ఆయనకి సగం జవాబు తెలిసిపోయి ఉండేది.

ఆ ప్రశ్నల్లో అన్నిటికంటే ముందుది ఒకటుంది. చప్పుడు ఇంజను వేగంతో పోతోందా, చక్రాల వేగంతో పోతోందా? దీనికి జవాబు మీరే ఇంటి ముందు తెలుసుకోవచ్చు. బండి నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్లో ఎక్సలేటర్ మెల్లగా పెంచండి. నిలబడి ఉన్నప్పుడు కూడా చప్పుడు వస్తే చక్రాలను అనుమానించక్కర్లేదు. సైలెన్సర్, దాని రేకులు, ఇంజను మౌంటింగులు, బెల్టులు ఇవీ చూడవలసినవి. నిలబడితే ఏమీ లేదు, కదిలితేనే ఉంది అంటే, ఖాళీ రోడ్డు మీద యాభై స్పీడులో వెళ్తూ క్లచ్ నొక్కి ఎక్సలేటర్ వదలండి. ఇంజను మోత తగ్గిపోయినా చప్పుడు అలాగే ఉండి, బండి నెమ్మదించే కొద్దీ తగ్గుతూ వస్తే అది చక్రాల తరఫు. కొందరు పరీక్ష పేరుతో నడుస్తున్న బండిలో ఇంజనే ఆపేస్తారు. ఆ పని పొరపాటున కూడా చెయ్యకండి. బ్రేకు గట్టిపడిపోతుంది, తాళం కాస్త ఎక్కువ తిప్పితే స్టీరింగ్ లాకైపోతుంది.

దీనికన్నా ముందు మరో పని ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గాని చెప్పాలి. డిక్కీ ఖాళీ చెయ్యండి. ఒక మేజర్ గారి మారుతి 800 వెనక యాక్సిల్ పోయిందని మా వర్క్‌షాప్‌కి తెచ్చారు. రెండు గంటలు కింద పడుకున్నాం. చివరికి స్టెప్నీ గుంటలో బోల్టు వదులై, జాకీ, పానా కలిసి డాన్సు చేస్తున్నాయి. అప్పటినుంచి నేను ఏ బండి చూసినా డిక్కీనుంచే మొదలుపెడతాను. స్టెప్నీ అడుగున వేలాడే బండ్లలో దాన్ని చేత్తో ఊపి చూస్తాను.

ఇంజనుతో పాటు వచ్చే చప్పుళ్ళలో ఎక్కువమందిని భయపెట్టేది, డబ్బు వదలగొట్టేది ఒక రేకు. సైలెన్సర్ గొట్టం వేడి బండి అడుగుకి తగలకుండా పైన పల్చని రేకు కవచం బిగిస్తారు. ఐదారేళ్ళకి తుప్పు పట్టి దాని బోల్టు చుట్టూ కన్నం పెద్దదవుతుంది. అప్పుడది ఒక ప్రత్యేకమైన ఇంజను వేగం దగ్గర మాత్రమే జర్ర్‌మని వణుకుతుంది, పైకి పోతే ఆగిపోతుంది. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో మా బ్యాచ్‌మేట్ ఒకాయన కారుకి సరిగ్గా ఇదే వచ్చింది. పట్టుకెళ్తే గేర్‌బాక్సు దింపాలి, ముప్ఫై ఎనిమిది వేలవుతుంది అన్నారట. నేను అప్పుడు అక్కడ మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే, గొట్టం పూర్తిగా చల్లగా ఉండగా, వంగి పిడికిలితో దాన్ని ఒక్కటి తట్టాను. అదే జర్ర్. హార్డ్‌వేర్ షాపులో పెద్ద హోస్ క్లిప్పు ఒకటి కొని రేకుని గొట్టానికి చుట్టి బిగించాం. నలభై రూపాయలు. ఆ షాపు అతను మోసగాడో, నిజంగా అలాగే అనుకున్నాడో నాకు తెలియదు. చప్పుడు గేరు మార్చేటప్పుడు వస్తోందని మా వాడు చెప్పాడు మరి. గేరు మార్చేటప్పుడు ఇంజను వేగం మారుతుంది, అంతే సంగతి. ఇంజను పదిహేను వందల చుట్ల దగ్గర, నిలబడి ఉన్నా వస్తోంది అని చెప్పి ఉంటే ఎవరూ గేర్‌బాక్సు మాట ఎత్తేవారు కాదు.

సైలెన్సర్ గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు చుట్టలు కూడా ఎండకి పగిలి తెగిపోతాయి. స్పీడ్ బ్రేకర్ మీద దబ్‌మని గొట్టం అడుగుకి కొట్టుకుంటే ముందు వాటిని చూడండి. బండి ఆపాక కిందనుంచి టిక్ టిక్ అని కాసేపు వచ్చే చప్పుడు మాత్రం వేడి ఇనుము చల్లారుతున్న చప్పుడు, దానికి కంగారు అక్కర్లేదు. కాని గొట్టానికి చిల్లు పడి ఫట్ ఫట్‌మని పొగ కిందనే వదులుతుంటే, చప్పుడే కదా అని తిరగకూడదు. ఎత్తు ప్రాంతాల్లో పనిచేసినవాళ్ళకి బుఖారీ సంగతి తెలుసు. తలుపులన్నీ మూసి దాన్ని వెలిగించి పడుకోకూడదని మనకి ఎందుకు అన్నిసార్లు చెప్పేవారో, ఇక్కడా ప్రమాదం అదే. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు.

ఇక చక్రాల తరఫు. నలభై యాభై స్పీడులో మొదలై, స్పీడు పెరిగేకొద్దీ గూఁ అని విమానంలా పెరిగే రొద ఉంటే అది వీల్ బేరింగ్ కావచ్చు, టైరు కావచ్చు. రెండూ ఒకేలా ఉంటాయి, నాలాంటివాణ్ణి కూడా మోసం చేస్తాయి. మా అల్లుడి కారు రొద విని, వినీ వినగానే "వెనక బేరింగ్" అని తీర్పు చెప్పేశాను. మామగారు, అందులోనూ ఈ.ఎం.ఇ., ఎదురు మాట్లాడతాడా? మార్పించాడు. రొద అలాగే ఉంది. తీరా చూస్తే టైరు అంచు మెట్లు మెట్లుగా అరిగి ఉంది. అరచేయి టైరు మీద అటూ ఇటూ రుద్ది ఉంటే, ఒకవైపు రుద్దినప్పుడు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలేది. ఆ అర నిమిషం పని నేను చెయ్యలేదు. బేరింగ్ డబ్బులు నేనిస్తానంటే అతను పుచ్చుకోలేదు, ఇప్పటికీ ఆ విషయం నాకు కొంచెం గుచ్చుకుంటూనే ఉంటుంది.

చెయ్యవలసింది ఇది. ముందు రోడ్డు మారినప్పుడు వినండి. గరుకు తారునుంచి నున్నటి రోడ్డుకి రాగానే రొద స్వరం మారితే టైరు వైపు మొగ్గండి. బేరింగ్‌కి రోడ్డుతో పని లేదు. రెండోది, వెనకా ముందూ ఎవరూ లేని వెడల్పు రోడ్డు మీద, మితమైన స్పీడులో స్టీరింగ్ కొంచెం కుడికి, కొంచెం ఎడమకి ఊపండి. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు రొద పెరిగి, ఎడమకి తిప్పగానే తగ్గితే, ఎడమ బేరింగ్‌ని అనుమానించండి. ఇంకా తేలకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్చి చూడండి. రొద కూడా టైరుతో పాటు చోటు మారితే బేరింగ్ జోలికి పోనక్కర్లేదు. బేరింగే అని తేలితే మాత్రం వచ్చే నెల పెన్షన్ దాకా ఆగకండి. ముదిరిన బేరింగ్ ఆటాడి, వేడెక్కి, ఏదో ఒక రోజు చక్రాన్ని పట్టి ఉంచడం మానేస్తుంది.

చక్రం లేపి చూసేటప్పుడు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే ఆట కనిపిస్తే బేరింగ్ గాని బాల్ జాయింట్ గాని. పక్కలకి చేతులు వేసి ఊపితే మాత్రమే ఆట ఉంటే స్టీరింగ్ టై రాడ్ కొనలు చూడాలి. చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చెయ్యి స్ప్రింగు మీద పెడితే పోయిన బేరింగ్ గరగర వేళ్ళకే తెలుస్తుంది, చెవి కూడా అక్కర్లేదు.

చక్రం లేపడం అన్నాను కనుక ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ సభలో అరవై దాటినవాళ్ళు చాలామంది ఉన్నారు, మనందరికీ పాత ధైర్యం ఇంకా పోలేదు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకి దూరకండి. జాకీ బండిని లేపడానికే, పట్టి ఉంచడానికి కాదు. గట్టి సమతలం నేల, దిగువ ఉన్న చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డాలు, లేపాక యాక్సిల్ స్టాండ్లు, స్టాండ్ల మీదకి దింపి బండిని ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడు తల లోపలికి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు పెడుతుంటారు చాలామంది. ఒకే చోట బరువు పడితే అవి ముందుగా చెప్పకుండా పగులుతాయి. నా సర్వీసులో జాకీ జారి చెయ్యి నలిగిన కుర్రవాణ్ణి చూశాను. వర్క్‌షాప్‌లో కాబట్టి పదిమందిమి కలిసి బండి లేపగలిగాం. మధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరు లేపుతారు?

బ్రేకు చప్పుళ్ళ గురించి ఎక్కువ చెప్పను, చాలామందికి తెలిసినవే. రాత్రి వాన పడిన మర్నాడు మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటే డిస్కు మీద పట్టిన పల్చని తుప్పు, రాలిపోతుంది. కంకర రోడ్డు మీదనుంచి వచ్చాక హఠాత్తుగా కీచుమని రేకు కోస్తున్నట్టు అరిస్తే, డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉంటుంది. కొంచెం వెనక్కి నడిపితే చాలాసార్లు పడిపోతుంది. రోజూ వినిపించే సన్నటి కీచు, బ్రేకు తొక్కితే ఆగిపోయేది, ప్యాడ్లు అయిపోవస్తున్నాయని చెప్పే చిన్న రేకుది కావచ్చు. ఆ రేకు అరవడానికే పెడతారు. తొక్కినప్పుడు ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న గర్ర్ వస్తే మాత్రం బండి అక్కడే ఆపి మెకానిక్‌నే పిలిపించండి.

ఇక్కడొక విషయం. ఆ సన్నటి కీచు మనలో కొందరికి వినపడదు. వయసుతో పాటు ముందు పోయేది సన్నటి శబ్దాలే. ఆర్టిలరీ అన్నలకి, ట్యాంకుల్లో చేసినవాళ్ళకి ఇంకా ముందే పోతాయి. మా ఇంట్లో కొత్త చప్పుడు ముందు పట్టేది మా ఆవిడ. ఎడమ సీట్లో కూర్చుంటుంది కనుక ఎడమ చక్రం సంగతి నాకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. మొదట్లో "నీకేం తెలుసు, నేను ఈ.ఎం.ఇ." అనేవాణ్ణి. రెండుసార్లు ఆవిడ మాటే నిజమయ్యాక అనడం మానేశాను. మనవల్ని కూడా అడగండి, వాళ్ళ చెవులు కొత్తవి.

గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద టక టక అంటే ఎక్కువగా స్టెబిలైజర్ లింకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. చిన్న చిన్న గతుకుల మీద ఎక్కువగా, పెద్ద గుంతలో తక్కువగా వినిపిస్తే నేను ముందు లింకునే పట్టుకుంటాను. పట్టుకుంటాను అంటే నిజంగా చేత్తోనే. బండి నేల మీద ఉండగా, ఇంజను ఆపి, ఒకరు బండిని పక్కలకి ఊపుతుంటే లింకు జాయింటు మీద వేళ్ళు పెడితే ఆ తట్టు వేళ్ళకి తెలుస్తుంది. మెత్తగా నడిపే బండిలో దీనితో ఒక నెల తిరిగినా పెద్ద ప్రమాదం లేదు. బాల్ జాయింట్ ఆటకి ఆ దయ లేదు. అది ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది.

ముందు చక్రాలు లాగే బండ్లు, అంటే ఇప్పటి చిన్న కార్లు దాదాపు అన్నీ, పూర్తిగా స్టీరింగ్ తిప్పి మెల్లగా ఎక్సలేటర్ ఇస్తే కట కట కట అంటాయా చూడండి. అన్నాయంటే డ్రైవ్ షాఫ్టు చివరి జాయింటు. దాని మీద మడతలు మడతలుగా రబ్బరు బూటు ఉంటుంది. బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది. చిరిగిన రోజే చూస్తే కొత్త బూటు, కొత్త గ్రీజుతో పోతుంది. చప్పుడు మొదలయ్యాక అయితే జాయింటే మార్చాలి. సంవత్సరానికి రెండుసార్లు వంగి ఆ రెండు బూట్లు చూడటం కన్నా లాభసాటి పని నాకు తెలియదు.

వెనక చక్రాలు నడిపే బండ్లకి ఆ బూట్ల బదులు ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. మన శక్తిమాన్, నిస్సాన్ వన్ టన్, జోంగా అన్నిటికీ అదే. మనం కూర్చున్న ఈ జబల్పూర్‌లోనే తయారైన బండ్లు అవి, జోంగా పేరులో మొదటి అక్షరమే జబల్పూర్. తరువాత వచ్చిన జిప్సీకి అయితే షాఫ్టులు మూడు. షాఫ్టు చివర ఒక క్రాస్, దాని నాలుగు కొనలకీ నాలుగు గిన్నెలు, గిన్నెల్లో సూదుల్లాంటి సన్నని బేరింగులు. గ్రీజు అందకపోతే సూదులు అరిగి పొడవుతాయి. గిన్నె చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తుంది, కుంకుమ రాలినట్టు. చప్పుడు రెండు రకాలుగా వస్తుంది. మెల్లగా పోతున్నప్పుడు పిచ్చుక అరిచినట్టు కిచ్, కిచ్, కిచ్. గేరు వేసి క్లచ్ వదలగానే, లేదా ముందుకీ రివర్సుకీ మార్చగానే, టక్ అని ఒక్కటే దెబ్బ.

ఆ ఒక్క టక్ గురించి చెప్పాలనే నిజానికి నేను ఈ రోజు ఒప్పుకున్నాను.

1987 శీతాకాలం. తేజ్‌పూర్‌నుంచి పైకి పోయే కొండదారి మీద కాన్వాయ్‌లు నడుస్తున్న రోజులు. నేను ఒక యూనిట్ ఎల్.ఎ.డి.లో నాయక్‌ని. మంచు, బురద, బండ్లు వరసగా వర్క్‌షాప్‌కి వస్తున్నాయి, నిద్ర లేదు. ఒక సాయంత్రం లాస్ట్ పరేడ్ అయ్యాక శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడు వచ్చాడు, డ్రైవర్. సర్వీసు నాలుగేళ్ళు కూడా నిండలేదు. యూనిట్‌లో తెలుగువాళ్ళం ఇద్దరమే, నన్ను అన్నా అనేవాడు. "అన్నా, గేరేసి వదిలేసరికి కింద ఏదో టక్కుమంతంది" అన్నాడు. బండి వన్ టన్. నేను ఇంకో బండి కింద ఉన్నాను. బయటికి కూడా రాలేదు. "పాత బండి, ఆ మాత్రం అంటుందిలేరా. తిరిగొచ్చాక చూద్దాం" అన్నాను. వాడు ఒక్క క్షణం నిలబడి, సరే అన్నా అని వెళ్ళిపోయాడు. వాడి బూట్లు మాత్రమే నాకు కనిపించాయి.

మర్నాడు పొద్దున్న ఏటవాలు మలుపులో గేరు తగ్గించి క్లచ్ వదలగానే వెనక క్రాస్ విరిగింది. షాఫ్టు ఊడి, తిరుగుతూ అడుగంతా కొరడాలా కొట్టింది. బ్రేకు పైపు తెగింది. ఇంజను ఊరికే అరుస్తోంది, బండి వెనక్కి జారుతోంది, వెనక మరో బండి, పక్కన లోయ. వాడు స్టీరింగ్ కొండవైపు కోసి బండిని రాతికి ఆనించాడు. కో-డ్రైవర్‌కి గీతలతో పోయింది. వాడి ఎడమ కాలు డోరుకీ రాతికీ మధ్య ఇరుక్కుంది. కాలు మిగిలింది గాని మళ్ళీ క్లచ్ తొక్కే కాలు కాలేదు. మెడికల్ కేటగిరీ తగ్గింది, స్టోర్లో వేశారు, తరువాత ఇంటికి పంపారు.

రికవరీకి నేనే వెళ్ళాను. ఆ గిన్నెలు చేతిలోకి తీసుకుంటే ఎర్రటి పొడి. రెండు నిమిషాలు కింద దూరి, షాఫ్టుని చేత్తో అటూ ఇటూ తిప్పి ఉంటే ఆట తెలిసేది. విడి క్రాస్ మా స్టోర్లోనే ఉంది. విచారణలో అడిగారు, డ్రైవర్ ముందుగా రిపోర్టు చేశాడా అని. హాస్పిటల్లో వాడు చెప్పిన మాటలో నా పేరు లేదు. నేను చెప్పాను, చేశాడు సార్, నాకు చేశాడు, నేను చూడలేదు అని. శిక్ష పడింది, పడాలి కూడా. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనిపించింది. ఇప్పుడు వాడికి వాళ్ళ ఊళ్ళో ఒక చిన్న కిరాణా కొట్టు ఉంది. సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. బండ్ల గురించి మేమిద్దరం మాట్లాడుకోం.

అందుకని సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి, ముఖ్యంగా ఎం.టి.లో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్ అని మూడు పెట్టింది రిజిస్టర్‌లో టిక్కు పెట్టడానికి కాదు. హాల్ట్‌లో టీ తాగే ముందు వంగి అడుగు ఒకసారి చూడండి, వీల్ నట్లు చేత్తో తడమండి. వదులైన నట్లు మెల్లగా పోతున్నప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక టక్ అంటాయి, స్పీడులో వినపడవు. సొంత కార్లవాళ్ళు కూడా టైరు మార్పించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ ఎదురెదురుగా బిగించుకోండి. చప్పుడు ఉందని చెబితే వర్క్‌షాప్‌లో వాడు విసుక్కుంటే, బండి లాగ్ బుక్‌లో రాయించండి. రాసిన మాట మర్నాటికి కూడా ఉంటుంది.

ఈ మధ్య కొత్త బండ్లవాళ్ళు కూడా అడుగుతున్నారు. స్టార్ట్ చేసి కొంచెం కదలగానే కిందనుంచి ఒక్కసారి గ్ర్ర్‌మంటే చాలా కార్లలో అది ఎ.బి.ఎస్. తనను తాను పరీక్షించుకోవడం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ కింద దడదడలాడినా అదే, కాలు తీయకండి. మా మనవడి బ్యాటరీ కారులో ఇంజను మోత లేదు కనుక ఇన్నాళ్ళూ కప్పడిపోయిన చప్పుళ్ళన్నీ పైకి వినిపిస్తున్నాయి. వాడు వారానికోసారి "తాతయ్యా, ఏదో వస్తోంది" అని ఫోన్లో రికార్డు చేసి పంపుతాడు. అది మంచి పద్ధతే. మెకానిక్ దగ్గరికి పోగానే చప్పుడు మాయమవడం మీ అందరికీ అనుభవమే కదా. రికార్డు చేసేటప్పుడు పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు చెయ్యాలి, స్పీడెంత, ఏ గేరు, తిప్పుతున్నామా, బ్రేకా అని పైకి చెబుతూ చెయ్యాలి. అది వింటే నాకు సగం పని తగ్గిపోతుంది.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. టీ తరువాత నేను వెనక పార్కింగులో ఉంటాను. రెండు స్టాండ్లు, చెక్క అడ్డాలు, మా ఉస్తాద్‌ది కాకపోయినా ఒక పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చాను. కార్యదర్శిగారి కారుతో మొదలుపెడదాం. చప్పుడు ఎప్పుడొస్తుందో ఆయన ఈలోపు ఆలోచించి పెట్టుకోవాలని మనవి.

జై హింద్.